తిథి, పోటు, గాలం

మా చిన్నాయన కువైట్ సముద్రంలో మొదటిసారి గాలం వేసిన రోజు, చేపకంటే ముందు ఎర్రలు చచ్చిపోయాయి. తాను డ్రైవరుగా పనిచేసే ఇంటి తోటలో, నీళ్ల పైపు కారే మూల, తడిమన్ను తవ్వి పది ఎర్రలు పట్టాడు. మా వల్లూరులో పెన్న మడుగుల దగ్గర జెల్లలకూ మార్పులకూ వేసే ఎర అదే. శుక్రవారం సెలవు. సాల్మియా ఒడ్డున రాళ్ల మీద కూర్చుని ఒక ఎర్రను కొక్కేనికి గుచ్చి వదిలాడు. కాసేపటికి పైకి లాగి చూస్తే అది తడిసిన నూలుపోగులా వేలాడుతోంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పక్కన కూర్చున్న ఈజిప్టు ఆయన అంతసేపూ చూస్తూ ఉండి, చివరికి తన డబ్బాలోంచి నాలుగు రొయ్యలు తీసి చేతిలో పెట్టాడట.

ఆ రాత్రి ఫోన్ చేసి చిన్నాయన అడిగిన మొదటి మాట ఇదే: "నువ్వు సైన్సు సారువి గదా, చెప్పు రా. ఎర్ర ఎందుకు చచ్చె?"

కడప జిల్లా నుంచి కువైట్ పోయినవాళ్లు వేలకు వేలు. రాయచోటి, రాజంపేట, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఆ దేశం పేరు తెలియని ఇల్లు ఉండదు. వాళ్ల పనుల గురించి, జీతాల గురించి, కష్టాల గురించి చాలామంది రాశారు. నీళ్ల గురించి నాకు ఎక్కడా కనబడలేదు. ఏటి ఒడ్డున పెరిగిన మనిషి కొత్త దేశంలో సముద్రం ముందు నిలబడితే అతనికి తెలిసినదాంట్లో ఎంత పనికొస్తుంది, ఎంత పనికిరాదు? ఇది చేపల శాస్త్రానికీ సముద్ర శాస్త్రానికీ సంబంధించిన ప్రశ్నే. చిన్నాయన దాన్ని ఇరవై ఏళ్లు అడుగుతూనే ఉన్నాడు. నేను పుస్తకాలు తిరగేస్తూ జవాబులు వెతుకుతూనే ఉన్నాను.

ఎర్రతోనే మొదలుపెడదాం. ఊరగాయకు మామిడి ముక్కలు కోసి ఉప్పు కలిపి పెడితే తెల్లారేసరికి ఊట దిగుతుంది. ముక్కలోని నీళ్లను బయటి ఉప్పు లాగేసింది. పల్చటి పొరకు రెండువైపులా ఉప్పు తేడాగా ఉంటే, నీళ్లు తక్కువ ఉప్పు ఉన్న వైపు నుంచి ఎక్కువ ఉప్పు ఉన్న వైపుకు పోతాయి. దీన్నే ద్రవాభిసరణం అంటారు. ఎర్ర ఒంటికి పొలుసు లేదు, పెంకు లేదు, ఉన్నదంతా తడిచర్మమే. సముద్రంలో పడగానే దాని ఒంట్లో నీళ్లు బయటికి పోతాయి, మామిడి ముక్కకు పట్టిన గతే దానికీ పడుతుంది. పైగా అది మామూలు సముద్రం కూడా కాదు. మహాసముద్రాల నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. కువైట్ తీరంలో 40 దాటుతుంది. గల్ఫ్ లోతు సగటున 35 మీటర్లే. ఎండ మండిపోతుంది, వాన బొట్టు బొట్టుగా పడుతుంది, బయటి సముద్రంతో కలిసేది ఒక్క హోర్ముజ్ జలసంధి దగ్గరే. ఆవిరైపోయే నీరు ఎక్కువ, వచ్చి చేరే మంచినీరు తక్కువ.

మరి ఆ నీళ్లలో చేప ఎలా బతుకుతోంది? చాలా చేపల రక్తంలో ఉప్పు లీటరుకు తొమ్మిది, పది గ్రాములే. ఏటి చేపయినా కడలి చేపయినా ఇంచుమించు అంతే. అంటే పెన్నలోని చేప ఒంట్లోకి నీళ్లు ఎప్పుడూ చొరబడుతూనే ఉంటాయి. అది నీళ్లు తాగదు. లోపలికి వచ్చిన నీటిని పల్చటి మూత్రంగా ఎడతెగకుండా పోసేస్తుంది, పోయే ఉప్పును మొప్పలతో పట్టి దాచుకుంటుంది. సముద్రపు చేపది దీనికి పూర్తిగా తలకిందులు. దాని ఒంట్లో నీళ్లు ఎప్పుడూ బయటికి జారిపోతుంటాయి. అందుకే అది సముద్రపు నీళ్లు తాగుతుంది. ఎక్కువైన ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాలు బయటికి తోసేస్తాయి, మూత్రం మాత్రం చుక్క చుక్కగా పోతుంది. చుట్టూ నీళ్లున్నా సముద్రపు చేప ఎప్పుడూ దాహంతోనే ఉంటుందని చెబితే పిల్లలు నమ్మరు, కానీ నిజం అదే.

ఈ రెండు పనులూ తెలిసిన చేప ఒకటుంది. ఒక ఏప్రిల్ నెలలో చిన్నాయన షర్క్ చేపల మార్కెట్లో వెండిలా మెరిసే చేపల కుప్ప చూసి ఆగిపోయాడు. అక్కడివాళ్లు దాన్ని సుబూర్ అంటారు. ముళ్లు ఎక్కువ, కొవ్వు ఎక్కువ. పక్కన ఉన్న రాజమండ్రి మనిషి వాసన చూసి, "ఇది మా పులస గదండీ" అన్నాడట. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గోదావరి పులస, గల్ఫ్ సుబూర్ ఒకే జాతి. బతికేది సముద్రంలో, గుడ్లు పెట్టడానికి మాత్రం ఏటికి ఎదురెక్కుతుంది. ఉప్పునీళ్ల నుంచి మంచినీళ్లలోకి వచ్చే దారిలో దాని మొప్పల్లోని కణాలు పని మార్చుకుంటాయి. నిన్నటిదాకా ఉప్పును బయటికి తోసినవి ఇప్పుడు లోపలికి లాగుతాయి. గోదావరికి అది వానాకాలపు ఎర్రనీళ్లతో వస్తుంది. షత్ అల్ అరబ్ నదికి వసంతకాలంలో వస్తుంది, ఎందుకంటే టైగ్రిస్, యూఫ్రటీస్ నదులకు వరద తెచ్చేది టర్కీ, ఇరాన్ కొండల మీద కరిగే మంచు. అక్కడైనా ఇక్కడైనా ఆ చేప ఎదురుచూసేది వరదకే. నెలలు వేరైనది ఆకాశం వల్ల.

ఈ సంగతి విన్నప్పుడే నాకు ఒక విషయం తట్టింది. చేపలు పట్టడమంటే ఆ నీటి గడియారం చూడటం నేర్చుకోవడం. పెన్న గడియారం ఏడాదికి ఒక్కసారి తిరుగుతుంది. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర బంగాళాఖాతంలో కలిసే ఈ నది మా దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. చిత్రావతి, కుందూ, పాపాఘ్ని పొంగితే వాటితో పాటు పెన్న పొంగుతుంది. ఆ తర్వాత నీళ్లు తగ్గి తగ్గి మడుగులవుతాయి, మడుగులు బురద గుంటలవుతాయి, ఎండాకాలానికి చెలమ తవ్వితే గానీ నీళ్లు కనబడవు. కొత్తనీళ్లు వచ్చినప్పుడు చేప ఎదురెక్కుతుంది. అప్పుడు ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట కింద నిలబడాలి. నీళ్లు తగ్గాక మడుగుల్లో కొర్రమీను కోసం చూడాలి. కొర్రమీనుకు తలలో గాలి పీల్చే అర ఉంటుంది, కొద్ది కొద్దిసేపటికి పైకి వచ్చి గుటక వేసి పోతుంది. ఆ గుటక చప్పుడు పట్టుకోగలిగినవాడే మా ఊళ్లో చేపలవాడు. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన కదులుతుంటే కింద కాపలాగా పెద్ద చేప ఉందని చిన్నప్పుడే నేర్చుకున్నాం.

కువైట్‌లో చిన్నాయనకు ఈ చదువేదీ అక్కరకు రాలేదు. అక్కడ గుటక వేసే చేప లేదు, ఎదురెక్కాల్సిన కొత్తనీళ్లు లేవు. ఉన్నది పోటు, పాటు: నీళ్లు ఎక్కడం, దిగడం. నెల్లూరు తీరంలో పోటుకూ పాటుకూ తేడా మీటరుకు అటూ ఇటూ. కువైట్ బేలో పెద్దపోటు రోజుల్లో అది మూడు నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. సులైబిఖాత్ వైపు నేల చాపలా సమంగా ఉండటం వల్ల, పాటు వచ్చినప్పుడు నీళ్లు వందల మీటర్లు వెనక్కి పోయి బురద మిగులుతుంది. ఆ బురదలో రెక్కలతో గెంతే చేపలు కూడా ఉన్నాయి, మన కోరింగ మడ అడవుల్లో కనిపించేవాటికి దగ్గరి చుట్టాలు. ఒక వారం సాయంత్రం నాలుగింటికి చేపలు బాగా పడ్డాయట, మరుసటి వారం అదే నాలుగింటికి పోతే ఆ చోట నీళ్లే లేవట. "ఎవరో గేట్లు తెరిచినట్టు ఏరే ఎత్తుకోనిపోయినారు రా" అన్నాడు.

ఇక్కడే పంచాంగం పనికొచ్చింది.

చిన్నాయన పెద్దగా చదువుకోలేదు గానీ ఏ రోజు ఏ తిథో గోడ మీద క్యాలెండరు చూడకుండా చెప్పగలడు. తిథి అంటే భూమి మీద నుంచి చూసినప్పుడు సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఉన్న కోణం. అమావాస్య నాడు సున్నా. చంద్రుడు 12 డిగ్రీలు దాటినప్పుడల్లా ఒక తిథి పూర్తవుతుంది. 30 తిథులకు 360 డిగ్రీలు. సముద్రపు పోటును నడిపేది కూడా సరిగ్గా ఈ కోణమే. నీళ్లను లాగే బలంలో ఎక్కువ భాగం చంద్రుడిది, సూర్యుడిది అందులో 46 శాతం దాకా ఉంటుంది. అమావాస్యకు, పున్నమికి ఇద్దరూ ఒకే గీత మీద నిలబడి కలిసి లాగుతారు, పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమికి అడ్డంగా నిలబడి ఒకరి బలాన్ని ఒకరు తగ్గించుకుంటారు, అప్పుడు నీళ్లు అంతంత మాత్రంగా కదులుతాయి. నీళ్లకు బరువుంది, ఆ లాగుడుకు అప్పటికప్పుడే లొంగవు. అందుకే పెద్దపోటు సరిగ్గా పున్నమి నాడు కాకుండా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, పాడ్యమికో విదియకో కనబడుతుంది.

వేళ సంగతి ఇంకా బాగుంటుంది. చంద్రుడు రోజురోజుకూ ముందుకు జరుగుతాడు కాబట్టి భూమి తిరిగి అతని ఎదురుకు రావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. కాబట్టి పోటు రోజుకు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. మన పాత లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు. రోజుకు రెండు గడియలు ఆలస్యం, లెక్క ఇంచుమించు సరిపోయింది. నేను ఫోనులో ఇంతే చెప్పాను: "తిథి రాసుకో, ఆ రోజు నీళ్లు ఎన్నింటికి నిండినాయో పక్కన రాసుకో." రెండు నెలలు రాశాడు. ఒక చోట, ఒక తిథికి పోటు వచ్చే వేళ ఇంచుమించు మారదు. తదియ నాటి వేళ మళ్లీ తదియకు వచ్చింది. ఆ నోటుపుస్తకం నేను చూశాను. ఒకవైపు తిథులు, మరోవైపు గంటలు, మధ్యలో అక్కడక్కడ చేప పేర్లు. ఓడరేవుల కోసం అచ్చువేసే పోటు పట్టికకు అది చెల్లెలు. రోజుకు వచ్చే రెండు పోటులూ ఒకే ఎత్తు ఉండవని కూడా ఆయనే గమనించి నాకు చెప్పాడు. గల్ఫ్‌లో పోటు రెండు రకాల అలల కలయిక, రోజుకు రెండుసార్లు వచ్చేదీ ఒకసారి వచ్చేదీ కలిసి నడుస్తాయి. అందుకే ఆ హెచ్చుతగ్గు. పుస్తకంలో నేను తర్వాత చదివిన సంగతిని ఆయన ముందే రాళ్ల మీద కూర్చుని చూసేశాడు. నాకు ఆ రోజు చాలా సంతోషం వేసింది.

పోటు ఎక్కుతుంటే చేప ఎందుకు తింటుంది? నీళ్లు నిలబడి ఉన్నప్పుడు మేత తనంతట తాను రాదు. నీళ్లు కదిలితే బురదలోని పురుగులు, చిన్న పీతలు, రొయ్యలు కదులుతాయి. కొత్తగా మునిగిన బురద నేల మీదికి చేపలు మేతకు ఎక్కుతాయి, నీళ్లు తిరిగేలోపల దిగిపోతాయి. అక్కడ షేమ్ అని పిలిచే చేప ఉంది, గవ్వల పెంకులు పగలగొట్టే గట్టి దవడ పళ్లు దానివి. కొర్రమీనులా ఒక్కసారిగా మింగదు, ఎరను కొరికి కొరికి చూస్తుంది. మా ఊరి పెద్ద కొక్కెం దాని నోటికి పట్టలేదు. కొక్కెం చిన్నదైంది, దారం సన్నబడింది, చేయి నిదానించింది. మల్లెట్‌లకైతే రొయ్య కూడా వద్దు. అవి బురద మీది పాచిని గీక్కుని తినే చేపలు, ఇసుకను నలిపే గట్టి కండరం వాటి పొట్టలో ఉంటుంది. పెన్నలో పరిగెలకు రాగి సంగటి ముద్ద పెట్టిన చేయి కాబట్టి, మిగిలిన రొట్టెను పిసికి పెట్టడం చిన్నాయనకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. పాత చదువులో అదొక్కటి సూటిగా పనికొచ్చింది.

పోటు గడియారాన్ని అందరికంటే బాగా చదివింది అక్కడి పాత కాలపు బెస్తలు. హద్రా అనే కట్టడం ఉంది. ఒడ్డు నుంచి సముద్రంలోకి రెల్లు కట్టెలతో పొడుగ్గా ఒక దడి, దాని చివర లోపలికి దారి ఉండి బయటికి దొరకని ఒక గుండ్రటి అర. పోటుతో ఒడ్డుకు వచ్చిన చేప, పాటు మొదలవగానే లోతుకు పోవాలని చూస్తుంది. దడి అడ్డం వస్తుంది. అడ్డం వచ్చినప్పుడు చేప లోతు వైపుకే మళ్లుతుంది. దడి వెంబడే నడిచి నడిచి అరలో పడుతుంది. నీళ్లు దిగాక మనిషి నడిచి వెళ్లి ఏరుకోవడమే. మా దగ్గర మడవల్లో నీళ్లు పారే చోట వెదురు బుట్ట అడ్డం పెట్టేది కూడా ఈ తెలివితోనే, కాకపోతే అక్కడ నీళ్లు ఒకవైపే పారతాయి. ఇద్దరు పరిశోధకులు 2005 నాటి ఉపగ్రహ చిత్రాల్లో గల్ఫ్ చుట్టూ ఉన్న ఈ దడులను లెక్కపెట్టి, 2013లో ప్రచురించారు. వాళ్ల అంచనా సుమారు 1,900. ప్రభుత్వాలు లెక్కలో చూపించిన చేపకు ఆరు రెట్ల దాకా వాటిలో పడుతూ ఉండవచ్చని తేల్చారు. ఆకాశం నుంచి కూడా కనబడే గాలం అది.

ఎండాకాలం మరో పాఠం నేర్పింది. 2020 జూలై 30న కువైట్ బేలో నీటి వేడి 37.6 డిగ్రీలు ఉన్నట్టు అక్కడి శాస్త్రవేత్తలు కొలిచారు. మనిషి ఒంటి వేడికంటే ఎక్కువ. చలికాలంలో అదే నీరు 15 డిగ్రీల దాపుకు దిగుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ, ఉప్పు పెరిగేకొద్దీ వాటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల సముద్రపు నీళ్లలో 6 పైచిలుకే. గాలి పీల్చే అర లేని చేప ఏం చేయాలి? లోతుకు పోవాలి, రాత్రి చల్లబడ్డాక ఒడ్డుకు రావాలి. మనిషీ అదే వేళకు మారాలి. 2001 ఆగస్టు, సెప్టెంబరులలో ఆ బేలో 2,500 టన్నులకు పైగా మల్లెట్‌లు చచ్చి తేలాయి. బాక్టీరియా జబ్బు, వేడి, మురుగునీటితో చేరిన పోషకాలు అన్నీ కలిసి చేసిన పని అది. ఆ ఏడు చిన్నాయన మూడు నెలలు గాలం ముట్టలేదు. జబ్బుపడ్డ నీళ్లలో చేపను పట్టకూడదని ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలుసు. ఎక్కడ పట్టకూడదో, ఏ నెలలో ఏ చేప మీద నిషేధమో అక్కడి చట్టం చెబుతుంది. వాటిని కనుక్కోకుండా ఒడ్డుకు పోవడం తప్పు, వలస మనిషికి ప్రమాదం కూడా.

దెబ్బ తగలకుండా ఏ నీళ్ల చదువూ పూర్తికాదు. ఒకరోజు గాలానికి మీసాల చేప పడింది. అక్కడ దాన్ని చీమ్ అంటారు. "మన జెల్లే" అనుకుని ఒడుపుగా పట్టుకోబోయాడు, రెక్క ముల్లు బొటనవేలి కింద దిగింది. సముద్రపు జెల్ల ముల్లులో విషం ఉంటుంది, మంట మోచేయి దాకా పాకింది. చేప విషాలు చాలావరకు ప్రొటీన్లు, వేడికి చెడిపోతాయి. ఓర్చుకోగలిగినంత వేడి, అంటే 45 డిగ్రీల నీళ్లలో ఆ చేయిని అరగంటకు పైగా ఉంచి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పోవాలి. ఆయన అదృష్టం, పక్కవాళ్లకు ఈ సంగతి తెలుసు. అదే చేపలో తండ్రి గుడ్లను నోట్లో పెట్టుకుని వారాల తరబడి తిండి లేకుండా పొదుగుతాడని తర్వాత నేను చెబితే, "అట్టైతే నోరు నిండుగా ఉన్నదాన్ని వదిలేయాల" అన్నాడు. వదిలేశాడు కూడా.

ఇలా పరాయి నీళ్లను చదివిన తెలుగువాళ్లలో చిన్నాయన మొదటివాడేమీ కాడు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తర్వాతి ఏళ్లలో వచ్చినవాళ్లలో తమిళులు, తెలుగువాళ్లు ఎక్కువ. చెరకు తోటల ఒప్పందం తీరాక కొన్ని కుటుంబాలు డర్బన్ బేలోని సాలిస్‌బరీ దీవిలో గుడిసెలు వేసుకుని అలివి వలలతో చేపలు పట్టి బతికాయి. అక్కడ గడియారం మళ్లీ వేరు. జూన్, జూలైలు వాళ్లకు చలికాలం. తీరం వెంబడి చల్లటి నీళ్ల పట్టీ ఏర్పడుతుంది, దాంట్లో సార్డీన్ చేపల మందలు మైళ్ల పొడవున ఉత్తరానికి వస్తాయి. పైన పక్షులు మూగితే కింద మంద ఉందని గుర్తు. ఆ కుటుంబాల వారసులు నేటికీ క్వాజులు నటాల్ తీరంలో ఆ మందల కోసం వలలు లాగుతున్నారు.

చిన్నాయన 2022లో తిరిగి వచ్చేశాడు. వచ్చిన వారానికే నన్ను వెంటబెట్టుకుని పెన్న దగ్గరికి బయలుదేరాడు. జమ్మలమడుగు దాటి మైలవరం పోయాం, అక్కడి నుంచి గండికోట. ఆయన పోయేనాటికి గండికోట లోయ కింద పెన్న వానాకాలంలో పారేది, ఎండాకాలంలో రాళ్లు కనబడేవి. ఇప్పుడు అక్కడ 26.85 టీఎంసీలు పట్టే జలాశయం ఉంది. అందులోనిది పెన్న నీళ్లు మాత్రమే కాదు, శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల, ఔకు మీదుగా వచ్చే కృష్ణ నీళ్లు కూడా. వాటినే ఎత్తి పులివెందుల వైపు చిత్రావతి జలాశయానికి, పైడిపాలేనికి పంపుతున్నారు. నీళ్లు వచ్చే దారి మారింది, నెల మారింది, వాటితో పాటు చేపా మారింది. ఒడ్డున కుర్రాళ్ల బుట్టల్లో వదిలిపెంచిన బొచ్చెలు, శీలావతులు, వాటికంటే ఎక్కువగా జిలేబి చేపలు కనబడ్డాయి. జిలేబి అంటే తిలాపియా, 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా జాతి చేప. తేట నీళ్లలో ఇసుక మీద పళ్లెం అంత గుంటలు వరసగా కనబడితే అవి మగ తిలాపియాలు తవ్విన గూళ్లు.

చిన్నాయన ఆ గుంటలను చాలాసేపు చూశాడు. కొర్రమీను గుటక కోసం చెవి ఒగ్గాడు, ఏమీ వినబడలేదు. ఒడ్డున రాళ్ల మీద తడి గీతలు వేలితో కొలిచాడు. ఒకదాని కింద ఒకటి, మూడు గీతలు, పెద్దగీత ఇంకా ఆరలేదు. జేబులోంచి కువైట్ నాటి నోటుపుస్తకం తీసి, ఖాళీ పేజీలో తిథికి బదులు ఆ రోజు తారీకు వేశాడు. తర్వాత గాలం వేసుకుని కూర్చున్న పన్నెండేళ్ల పిల్లవాడి పక్కన చతికిలబడి అడిగాడు:

"ఏం నాయనా, గేట్లు ఎప్పుడు ఎత్తినారు? మళ్లీ ఎప్పుడు ఎత్తుతారు?"